పాదములు పలికెడి పట్టణము

కెనడా దేశమందలి టొరంటో నగరము ఒంటారియో యను మంచినీటి సరస్సునకు ఉత్తరపుటొడ్డున నున్నది. సరస్సని పేరే గాని, దరిని నిలిచి చూచినచో ఆవలి గట్టు కానరాదు. విశాఖపట్టణమున సముద్రమును చూచిన కన్నులకు ఇదియు సముద్రమే యని తోచును. అలల హోరు మాత్రము తక్కువ. ఇచ్చటికి వచ్చు మనవారు మింటినంటు సి.ఎన్. గోపురమును, మరికొంత దూరమేగి నయాగరా జలపాతమును చూచి, ఛాయాపటములు తీసికొని మరలిపోవుదురు. నేనును అవి చూచితిని. కాని యిప్పుడు వ్రాయబూనినది వానిని గూర్చి కాదు. నగరము నడిబొడ్డున, ఒకదాని కొకటి కొలది నిమిషముల నడకలో నున్న రెండు కట్టడములను గూర్చియు, వానిని చూచి వచ్చిన పిదప మా చెల్లెలి యింట చల్లారిన యొక తగవును గూర్చియు చెప్పదలచితిని.

మా చెల్లెలి కాపురము నగరమునకు వాయవ్యమున నున్న బ్రాంప్టనులో. ఆ చుట్టుప్రక్కల తెలుగు కుటుంబములు చాల గలవు. గోంగూర, ములగకాడలు మొదలుకొని ఆవకాయ జాడీవరకు దొరకని వస్తువు లేదు. చెల్లెలి కొక్కతే కూతురు. కాలేజీలో చదువుకొనుచున్నది. చిన్ననాడు కర్ణాటక సంగీతము కొంత నేర్చినది. పిమ్మట బేస్ గిటారు చేపట్టినది. గిటారునకు ఆరు తంత్రులుండగా దీనికి సాధారణముగా నాలుగే. అవియు మిక్కిలి లావైనవి. దీని నాదము మంద్రస్థాయిలో, ఇంటికి పునాదివలె, పాట క్రింద నణగి యుండును. వినువారు దానిని వేరుగా గమనింపరు. అది లేనప్పుడు మాత్రము పాట బోలువడినట్లు తెలిసికొందురు.

అమ్మాయియు మరి యిద్దరు స్నేహితురాండ్రును కలసి యొక మేళము కట్టిరి. ఒకతె డ్రమ్ములు, ఒకతె గిటారు, మా అమ్మాయి బేసును పాటయు. కీబోర్డు వాయించు నాలుగవ పిల్లకు వాంకూవరులో ఉద్యోగము దొరకి వెళ్ళిపోయినది. కచేరీకి మూడు వారములే గడువు. అప్పుడు మా అమ్మాయి ఒక పెట్టె కొని తెచ్చినది. చూచుటకు పొడవైన పీటవలె నుండును. దానిపై హార్మోనియము మెట్ల వరుసలోనే పదుమూడు చెక్కలు, కాని ఒక్కొక్కటి పాదమునకు సరిపోవునంత పెద్దవి. దానిని నేలపై నుంచి, నిలుచుండి, రెండు చేతులతో గిటారు వాయించుచు, కాలితో ఆ చెక్కలను త్రొక్కుచు సాధన మొదలుపెట్టినది. త్రొక్కినంతనే గది గోడలు సన్నగా నదరునట్లు ఒక దీర్ఘనాదము బయలుదేరును.

మా చెల్లెలు వంటయింటి నుండి వచ్చి యిది చూచినది. ఆమె ముఖము పాలిపోయినది.

“పుస్తకమునకు కాలు తగిలినచో కన్నుల కద్దుకొమ్మని నీకు నేర్పితిని గదా! వీణకు నమస్కరించి గాని ముట్టని యింట పుట్టి, సరస్వతిని కాలితో త్రొక్కుచున్నావా?” అనెను.

“అమ్మా, నా కుడిచేయి తంత్రి మీటును, ఎడమచేయి తంత్రి నొక్కును, నోరు పాడును. ఇక నాకు మిగిలినవి కాళ్ళే గదా! నాలుగవ మనిషి లేదు” అని అమ్మాయి బదులు చెప్పినది.

“మిగిలినవని త్రొక్కుదురా? అట్లయిన నేనా కచేరీకి రాను” అని చెల్లెలు లోపలికి పోయినది. నాటినుండి తల్లికూతుండ్ర మధ్య మాటలు తగ్గినవి. ఒక యింట నొకరి కొకరు అన్నము వడ్డించుకొనుచు మాటలాడకుండుట ఎంత భారమో చదువరులకు వేరుగ చెప్పనక్కరలేదు. నేనెవరి పక్షమును పలుకలేకపోతిని. చెల్లెలి మాట మన పెద్దలందరు చెప్పిన మాటయే. పిల్ల మాటలోను తప్పు కనబడలేదు.

ఆ వచ్చు ఆదివారమున అమ్మాయి నాయొద్దకు వచ్చి, “పెద్దమ్మా, నాతో పట్టణములోనికి వత్తువా? నీకు కొన్ని చూపవలెను. అమ్మను కూడ తీసికొని రమ్ము” అని మెల్లగా నడిగినది. నన్ను చలిలో నొంటిగ పంపుట కిష్టపడక చెల్లెలును శాలువ కప్పుకొని బయలుదేరినది. రైలులో యూనియన్ స్టేషను చేరి, అచ్చటినుండి భూగర్భపు రైలులో క్వీన్ స్టేషనున దిగి తూర్పుగా నడచితిమి.

మొదట చూచినది మెట్రోపాలిటన్ యునైటెడ్ చర్చి. చుట్టును పచ్చిక, పెద్ద చెట్లు. నడుమ రాతి కట్టడము, ఎత్తైన గోపురము. 1928లో అగ్నిప్రమాదమున చాలభాగము కాలిపోగా, గోపురము మాత్రము నిలిచినదట. తక్కినది మరల కట్టిరి. మేము చేరునప్పటికి గోపురమునుండి గంటల పాట వినవచ్చుచుండెను. గంటల మ్రోత కాదు, గంటల పాటయే. చిన్నవి పెద్దవి కలిపి నేడక్కడ 54 గంటలున్నవి. 1922లో మొదట కట్టినప్పుడు 23. చెస్టర్ మాసీ యను ధనికుడు కాలము చేసిన తన భార్య జ్ఞాపకార్థము వానిని సమర్పించెను. వానిని వాయించు మనిషి గోపురములో నొక బల్లపై కూర్చుండి, వరుసగా నున్న కఱ్ఱపిడులను పిడికిళ్ళతో గొట్టును. బరువైన పెద్ద గంటలను మ్రోగించుటకు పిడికిలి బలము చాలదు గనుక వానికి కాలి మెట్లు కూడ అమర్చియుందురు. మనిషి దేహములో బలమైనవి కాళ్ళు. గంటలలో బరువైనవి మంద్రనాదము గలవి. కావున ఆ రెంటికి జత కుదిరినది.

లోపల పైప్ ఆర్గను ఉన్నది. దీనిని క్విబెక్కు రాష్ట్రమునకు చెందిన కసవాన్ సోదరుల కర్మాగారమువారు 1930లో నిర్మించిరి. గొట్టములు ఎనిమిదివేలకు పైగా నున్నవి. కొన్ని పెన్సిలంత, కొన్ని తాటిమ్రానంత. గాలి వానిలో జొరబడి పలుకును. ప్రార్థన ముగిసిన పిదప అమ్మాయి వెళ్ళి అడుగగా, వాయించిన పెద్దమనిషి మమ్ము దగ్గరకు రానిచ్చెను. చేతులకు మెట్ల వరుసలు మెట్లమీద మెట్లుగా నుండగా, క్రింద పాదములకు వేరొక వరుస. దానిపై కాలి మునివేళ్ళతోను మడమతోను ఆయన ఒక్క స్వరము తప్పక నడచినట్లు వాయించెను. క్రిందికి చూడనేలేదు. జర్మనీ దేశపు బాఖ్ మహాశయుడు మూడువందల యేండ్లకు పూర్వమే పాదములకు ప్రత్యేకముగా స్వరపంక్తులు వ్రాసెననియు, ఆ పంక్తి లేకున్న కృతియే నిలువదనియు మాకు చెప్పెను.

మా చెల్లెలు ఆయన పాదములవంకనే చూచుచుండెను. పలుచని యడుగుగల నల్లని జోళ్ళు. “ఇవి వీథిలో తొడుగుకొను జోళ్ళేనా?” యని అడిగినది. ఆయన నవ్వి, వానిని ఈ వాద్యమునకే వేరుగా నుంచుకొందుననియు, వానితో వీథిలో నడువననియు చెప్పెను. చెల్లెలు మరేమియు ననలేదు. కాని ఆ మాట ఆమె మనస్సున నాటినట్లు నాకు తోచినది.

అచ్చటినుండి ఉత్తరముగా కొలది దూరము నడచినచో షటర్ వీథి మూలను మాసీ హాలు కనబడును. ఎఱ్ఱని తలుపులు, పాత యిటుకల ముఖము. 1894లో హార్ట్ మాసీ యను వ్యవసాయ యంత్రముల వ్యాపారి దీనిని నగరమునకు కానుకగా నిచ్చెను. అతని పెద్దకుమారుడు చార్లెస్ సంగీతప్రియుడు, 1884లోనే గతించెను. ఆ కుమారుని పేర తండ్రి కట్టించిన సంగీతశాల యిది. చర్చిలో గంటలు సమర్పించిన చెస్టరుకూడ ఈ హార్టు కుమారుడే. మన పల్లెలలో పొలము దున్ను మాసీ ఫెర్గూసన్ ట్రాక్టరులోని మాసీ యను పేరు ఈ కుటుంబమువారిదే యని తెలిసినప్పుడు నాకు దూరదేశములో దగ్గరి బంధువు నెదురైనట్లాయెను.

ఈ శాలలో 1953 మే నెలలో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ మొదలగు అయిదుగురు జాజ్ విద్వాంసులు కచేరీ చేసిరి. అందు బేసు వాయించిన చార్లెస్ మింగస్, తన నాదము ధ్వనిముద్రణలో సరిగా వినబడలేదని, పిమ్మట తన భాగమును మరల వాయించి దానిపై చేర్చెను. అణగియుండు వాద్యమున కెప్పుడును ఇదియే చిక్కు.

అదే సంవత్సరము జూలైలో ఈ నగరముననే గెడ్డీ లీ జన్మించెను. మా అమ్మాయి మమ్ముల నిక్కడికి తీసికొని వచ్చినది ఈయన కథ చెప్పుటకే. ఈయన తలిదండ్రులు పోలండు దేశపు యూదులు. పదుమూడు పదునాలుగేండ్ల ప్రాయములోనే నాజీల బందిఖానాలలో చిక్కిరి, ఆష్విట్జు నరకమును చూచిరి, విడిపోయిరి. యుద్ధము ముగిసిన పిదప తండ్రి వెదకి వెదకి ఆమెను కనుగొని వివాహమాడి, ఇద్దరును కెనడాకు వచ్చిరి. పిల్లవానికి పండ్రెండేండ్ల ప్రాయమున, 1965లో, తండ్రి గతించెను. తల్లి దుకాణము నడుపుచు బిడ్డలను పెంచినది. కుమారుని పేరు గ్యారీ. ఆమె యిడ్డిష్ యాసలో ఆ పేరు “గెడ్డీ” యని వినబడుచుండుటచే స్నేహితులట్లే పిలిచిరి. ఆయనయు తుదకు దానినే తన పేరుగా చేసికొనెను. తల్లి నోటి యాస లోకమునకు తెలిసిన పేరైనది.

అతడు చదువు మాని పాట పట్టినప్పుడు ఆ తల్లి యెంత దుఃఖించినదో మనము ఊహింపగలము. అయినను, 1974లో రష్ అను అతని మేళము యొక్క మొదటి రికార్డు వెలువడగా, తన దుకాణపు కిటికీకి దాని ప్రకటనపటమును తగిలించినది కూడ ఆమెయే. ఈ ముక్క అమ్మాయి చెప్పుచుండగా నేను చెల్లెలివంక చూడలేదు.

రష్ మేళమున ముగ్గురే. గిటారు వాయించు అలెక్స్ లైఫ్‌సన్, డ్రమ్ములు వాయించు నీల్ పీర్ట్, బేసు వాయించుచు పాడు గెడ్డీ లీ. 1976 జూన్ నెలలో ఈ మాసీ హాలునందే వారు చేసిన కచేరీలు రికార్డుగా వచ్చినవి. అందు వినబడునవి ప్రధానముగా ఆ మూడు వాద్యములే. మరుసటి యేడు, 1977లో, వారు క్రొత్త పాటలు కట్టినప్పుడు ఎక్కువ నాదములు కావలసివచ్చెను. నాలుగవవానిని చేర్చుకొనుటకు వారిష్టపడలేదు. ముగ్గురు మనుష్యులకు ఆరు చేతులే. అప్పుడు గెడ్డీ లీ పాదములను పనిలో పెట్టెను. ‘జనడూ’ యను పదునొకండు నిమిషముల పాటలో ఆయన రెండు మెడల వాద్యమును మెడను వ్రేలాడదీసికొని, ఒకప్పుడు బేసును ఒకప్పుడు గిటారును వాయించుచు, చేయి బేసును విడిచినపుడు ఆ లోటును పాదముతో పూరించుచు, నడుమ కీబోర్డుపై చేయి వేయుచు, పైగా పాడును.

ఆయన త్రొక్కిన యంత్రము పేరు మోగ్ టారస్. రాబర్ట్ మోగ్ అమెరికాలో సింథసైజరును రూపొందించిన మహాశిల్పి. 1934లో పుట్టి 2005లో గతించెను. ఆయన యింటిపేరు పలుకుట “మోగ్” అనియే. మన తెలుగులో “మోగు” అన్న మాటకు అర్థము చదువరు లెరుగనిదా! నాదయంత్రములు చేయువానికి ఇంతకన్న తగిన పేరు ఏ బ్రహ్మ పెట్టగలడు? ఆయన పేరిటి కంపెనీ 1970లో మినీమోగ్ అను చిన్న సింథసైజరును, మరికొన్ని యేండ్లకు ఈ పదుమూడు మెట్ల టారస్‌ను వెలువరించినది. టారస్ అనగా వృషభరాశి. ఎద్దు రంకెయే ఋషభస్వరమని మన సంగీతశాస్త్రము చెప్పుచున్నది. ఆ యంత్రపు నాదము నిజముగా దూరమున ఆబోతు రంకెవలె కడుపులో వినబడును.

అది పనిచేయు విధము కష్టమైనది కాదు. మెట్టు త్రొక్కినపుడు లోపలి విద్యుత్తు ఇంతింత వేగమున కంపింపవలెనని ఆజ్ఞ పోవును. అట్లు కంపించునవి రెండు. ఆ రెంటిని ఒకే శ్రుతికి దగ్గరగా, కాని వెంట్రుకవాసి తేడాతో నిలిపినచో, నాదము నెమ్మదిగా అలలవలె లేచి పడును. మన తంబురాలో రెండు సారణి తంత్రులను పలికించినపుడు వినబడు నిండుదనము వంటిది. పిదప ఆ నాదము ఒక జల్లెడ గుండా పోవును. మంద్రభాగము దిగును, కఱకుదనము పైననే నిలుచును. ఆ జల్లెడ సందులను, ధ్వని పరిమాణమును కాలితోనే జరుపుటకు వీలుగా ప్రక్కన మీటలుండును. ఈ యంత్రము ఒక్కసారి ఒక్క స్వరమునే పలుకును. పాత యంత్రములు వేడికి చలికి శ్రుతి మారుచుండును గనుక కచేరీకి ముందు కొంతసేపు వెలిగించి వేడెక్కనీయవలెను. 1983లో మిడి యను ఏర్పాటు వచ్చిన తరువాత, మెట్లు తాము పలుకక, వేరొక యంత్రమునకు కబురు పంపి పలికించుటయు సాధ్యమైనది. మా అమ్మాయి కొన్నది అట్టిదే.

కాని వాయించుట సులభమని తలపరాదు. ఒక కాలిపై నిలిచి, రెండవ కాలితో వెదకి త్రొక్కవలెను, భుజమున నాలుగైదు కిలోల వాద్యము, వేదికపై చీకటి, ముఖము పాటకై ఎదుటనే యుండవలెను. తెల్లమెట్ల సందులను వ్రేళ్ళతో కొలిచి స్థానము నెరుంగవలెను. అదియుగాక, పాదము మంద్రస్వరము పట్టినప్పుడు చేయికూడ మంద్రముననే యున్నచో రెండు నాదములు బురదవలె కలసిపోవును. కావున పాదము క్రిందిని పట్టగా చేయి పైస్థాయికి పోవలెను. శ్రుతి పాదమునందు, సంచారము చేతియందు. జెనెసిస్ మేళపు మైక్ రూథర్‌ఫర్డ్, పోలీస్ మేళపు స్టింగ్ మొదలగువారును ఇట్టి పాదవాద్యములను వాయించిరి.

సాయంకాలము రైలులో మరలి వచ్చుచుండగా చెల్లెలు చాలసేపు కిటికీవంక చూచుచు కూర్చుండినది. నేనే మొదలుపెట్టితిని. “మన ఊరికి వచ్చిన నాటకములలో కాలి హార్మోనియము జ్ఞాపకమున్నదా? చేతులు పద్యమువెంట పరుగెత్తుచుండగా కాళ్ళు తిత్తిని త్రొక్కుచుండెడివి గదా. అతనిని ఎవరైన పాపియనిరా? గుంటమగ్గములో సాలెవాడు కాళ్ళు కదల్పకున్న చీర యెక్కడిది?”

“అమ్మ ఉయ్యాలత్రాడు...” అని చెల్లెలు ఆగినది. నాకును జ్ఞాపకము వచ్చినది. ఈ పిల్ల పుట్టినింట, రాజమహేంద్రవరమున పుట్టినది. మా అమ్మ ఉయ్యాలత్రాడు కాలి బొటనవ్రేలికి చుట్టుకొని, చేతులతో దీపారాధనకు వత్తులు చేయుచు, నోట జోలపాట పాడెడిది. రెండు చేతులు, నోరు, కాలు. నాలుగు పనులు, ఒక్క మనిషి. నాలుగవ మనిషి ఆమెకును లేదు.

“నేను నాట్యము నేర్చుకొన్న దినములలో” అని చెల్లెలు తిరిగి మొదలిడినది, “ఆట మొదలుపెట్టకముందు భూమిని తాకి కన్నుల కద్దుకొనుమని గురువుగారు చెప్పెడివారు. త్రొక్కకున్న నాట్యము లేదు. అడుగకుండ త్రొక్కరాదు, అని.” అమ్మాయి వినుచుండెను. ఏమియు ననలేదు.

కచేరీ శనివారపు రాత్రి. చిన్న శాల, నూరుమంది కూడ పట్టరు. వెలుపల మంచు పడుచున్నది. చెల్లెలు మాతో వచ్చినది. చేతిసంచిలో నేమో దాచుకొని తెచ్చినది. వేదిక వెనుకకు పోయి కూతునకిచ్చినది. మడతలు తెలియుచున్న క్రొత్త నూలు మేజోళ్ళ జత. “వీథిజోళ్ళతో త్రొక్కకుము. ఇవి తొడుగుకొనుము. వ్రేళ్ళకు మెట్టు తెలియును” అనినది. అంతే.

అమ్మాయి వేదిక యెక్కి, గిటారు తగిలించుకొనుటకు ముందు వంగి, చెక్కలను కుడిచేత తాకి కన్నుల కద్దుకొన్నది. శాలలోని తక్కినవారు అదేమో యంత్రము సరిచేసికొనుచున్నదని తలచియుందురు. మా చెల్లెలు నా చేయి పట్టుకొన్నది.

రెండవ పాట నడుమ నొక పొరపాటు జరిగినది. పాదము ప్రక్కమెట్టుపై పడి, అపశ్రుతి యొకటి శాలయంతయు నదరునట్లు పలికినది. చెల్లెలి గోళ్ళు నా చేతిలో దిగినవి. అమ్మాయి పాదము తీసివేసినది. పాట మాత్రము ఆపలేదు. ఆ చరణమంతయు పునాది లేకనే పాడినది. మరుసటి చరణమునకు కన్నులు మూసికొని, మేజోటిలోని వ్రేళ్ళతో మెట్టును తడవి పట్టి, మెల్లగా త్రొక్కినది. ఆ నాదము నేలలోనుండి లేచి మా కుర్చీలగుండా వెన్నెముక నెక్కినది. దానిపై చేతులు పైస్థాయిలో విహరించినవి, గొంతు నిలిచినది. ముగ్గురు పిల్లలు నలుగురివలె పలికిరి.

ఇంటికి పోవునపుడు కారులో చెల్లెలు, “ఆ తప్పు పడినది ఏ స్వరము?” అని కూతునడిగినది. “గాంధారము పడవలసినచోట మధ్యమము పడినది” అని అమ్మాయి చెప్పినది. “మడమ ఎత్తియుంచితివి, అందుకే జారినది” అని తల్లి. ఆ తరువాత యిల్లు చేరువరకు నాకు మాటలాడ సందు దొరకలేదు.

రష్ మేళము 2015లో పర్యటనలు చాలించినది; 2020లో నీల్ పీర్ట్ గతించెను. మిగిలిన యిద్దరు 2026లో మరల కచేరీలు చేయుదుమని 2025 అక్టోబరులో ప్రకటించిరి. డ్రమ్ముల స్థానమునకు వారెంచుకొన్నది జర్మనీ దేశపు ఆనికా నిల్లెస్ అను స్త్రీని. ఈ వార్త చెప్పునప్పుడు మా అమ్మాయి కన్నులు మెరసినవి.

టొరంటోకు పోవు సోదరీమణులు గోపురమును చూడుడు, జలపాతమును చూడుడు. కాని ఒక ఆదివారపు ఉదయము క్వీన్ వీథిలో దిగి గంటల పాట వినుడు. ఆర్గను ముందు నిలిచి పాదములను చూడుడు. కుమారుని పేర తండ్రి కట్టించిన ఆ ఎఱ్ఱతలుపుల శాలవరకు నడువుడు. మన యిండ్లలో కాలికి త్రాడు చుట్టుకొని ఉయ్యాల లూపిన తల్లులు అచ్చట మీకు తప్పక జ్ఞప్తికి వత్తురు.